గుమ్మం దగ్గర చెప్పిన నొప్పి

మా ఆరోగ్య కేంద్రంలో నా వెనకాల నన్ను ‘ఏంకాదు సిస్టర్’ అనేవాళ్ళు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు, నా నోరు అలాంటిది. వాంతులన్నా, కళ్ళు తిరుగుతున్నాయన్నా, చుక్క రక్తం కనబడిందని వణుకుతూ వచ్చినా, ముందుగా నా నోట్లోంచి వచ్చే మాట ‘ఏంకాదు’. మిగతా ప్రశ్నలు ఆ తర్వాతే. ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో ఆ మాట ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. చాలాసార్లు నిజంగానే ఏమీ కాలేదు కూడా. దాంతో నా మాట మీద నాకే నమ్మకం కుదిరిపోయింది.

కొత్తగా ఈ పనిలోకి వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వస్తారు. ‘మేడమ్, మీ సర్వీసులో మర్చిపోలేని కేసు చెప్పండి’ అంటారు. నేనేదో ఘనకార్యం చెబుతానని కాఫీ తాగుతూ కూర్చుంటారు పాపం. నేను చెప్పేది మాత్రం నేను తప్పు చేసిన కేసు. అది విన్నాక కాఫీ చల్లారబెట్టుకున్నవాళ్ళు ఉన్నారు.

నాది ఆనేకల్. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, తిట్టేటప్పుడు రెండూ. చివరి ఆరేళ్ళు బెళ్ళందూరు వైపు కేంద్రంలో పనిచేశాను. రోడ్డు మీదికి అద్దాల మేడలు, వాటి వెనక ఆ మేడలు కట్టేవాళ్ళ రేకుల షెడ్లు. మేడల్లో వాళ్ళు మా దగ్గరికి రారు. వాళ్ళిళ్ళలో వంట చేసేవాళ్ళు, బట్టలుతికేవాళ్ళు, ఇటుకలు మోసేవాళ్ళు వస్తారు. వాళ్ళలో సగం మంది రాయలసీమ నుంచి వచ్చిన తెలుగువాళ్ళు. నా తెలుగు వినగానే వాళ్ళ ముఖం విప్పారుతుంది. అది నాకు భలే గర్వంగా ఉండేది.

ఆ రోజు గురువారం, టీకాల రోజు. పసిపిల్లల ఏడుపుతో గది దద్దరిల్లుతోంది. మా డాక్టరమ్మ ఏదో ట్రైనింగుకని రెండు రోజులుగా నగరంలో ఉంది. లైన్లో ఒక అమ్మాయి నిలబడి ఉంది. ఇరవై మూడేళ్ళుంటాయేమో. కాళ్ళ మడమల మీద సిమెంటు ఎండి తెల్లగా కనిపిస్తోంది. తన వంతు వచ్చినప్పుడల్లా వెనకవాళ్ళను ముందుకు పంపుతోంది. అలా ముగ్గురిని పంపింది. నాకు చిరాకొచ్చింది.

“ఏమి తల్లీ, వచ్చింది చూపించుకునేదానికా, లైను నడిపేదానికా?” అన్నాను.

బల్ల దాకా వచ్చి, నా చెవి దగ్గరికి వంగింది. “నెల తప్పిందక్కా.”

“ఎన్ని దినాలైంది?” నా మామూలు గొంతుతోనే అడిగాను. నా మామూలు గొంతు వీధి చివరిదాకా వినబడుతుంది.

గబుక్కున నా మణికట్టు పట్టుకుంది. “మెల్లగా అక్కా. ఎవురికీ తెలీదు. మా ఆయప్పకి గూడా చెప్పల్యా.”

కదిరి వైపు పల్లెట. పెళ్ళయి మూడేళ్ళు. కిందటి ఏడాది రెండో నెలలోనే అందరికీ తెలిసిపోయిందట, పది రోజులు తిరక్కుండానే గర్భం పోయిందట. మూడో నెల నిండకముందే నోరు విప్పితే దిష్టి తగలదా అని అత్త అందట. అందుకని ఈసారి ఎవరికీ చెప్పలేదు. కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదు. తట్టలు మోస్తూనే ఉంది, ఎందుకంటే పని మానేస్తే ఎందుకు మానేశావని అడుగుతారు కదా.

“మరి నాకెందుకు చెబుతాండావు?”

“రెండు దినాల నుంచి మరక పడతాంది అక్కా. కొంచెమే. కాఫీ రంగు మాదిరి ఉండాది. భయమైతాంది.”

ఎప్పుడు ముట్టయ్యావంటే, మొన్నటి అమావాస్య కాదు, దాని ముందుది అంది. లెక్కేస్తే ఏడో వారం. మూత్రం పరీక్ష చేశాను. కార్డు మీద రెండో గీత తేలేదాకా ఊపిరి బిగబట్టి చూసింది. తేలగానే నవ్వింది. ఆ నవ్వు చూశాక ఇంకేం ప్రశ్నలడుగుతాం అనిపించింది నాకు. అడగాల్సింది అప్పుడే.

“ఏంకాదు పో. మొదటి నెలల్లో ఇట్ల మరక చానామందికి పడతాది. బరువు మొయ్యొద్దు, రెండు దినాలు పడుకో. వచ్చే వారం రా, డాక్టరమ్మ స్కానింగుకు రాస్తాది.”

బీపీ చూశాను, బాగానే ఉంది. నాడి కాస్త వేగంగా ఉంది. ఎండలో నడిచొచ్చింది కదా అనుకున్నాను. మాత్రలు ఇచ్చి, గర్భిణుల రిజిస్టరు తెరిచాను. ఆమె చెయ్యి వచ్చి పేజీ మీద పడింది.

“ఆ పుస్తకంలో రాయొద్దక్కా. మా షెడ్ల కాడికి వచ్చే ఆశా అక్క అది జూస్తాది. చూస్తే మా వోళ్ళందరికీ తెలిసిపోతాది. నీ కాళ్ళు పట్టుకుంటా.”

నా సర్వీసులో రూలు తప్పింది చాలా తక్కువ. రిజిస్టరులో సున్నా సరిగా చుట్టకపోతే జూనియర్లను ఏడిపించిన దాన్ని. ఆ రోజు మాత్రం జాలిపడ్డాను. మూడో నెల నిండాక రాద్దాంలే అనుకుని, ఓపీ కాగితంలో పేరు, వయసు, ‘నడుం నొప్పి’ అని రాసి ఊరుకున్నాను. అడ్రసు లేదు, ఫోన్ నంబరు లేదు. పాపం పిల్ల అనుకుని చేసిన ఆ పని పిల్ల ప్రాణం మీదికే వచ్చింది.

ఆమె గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. ఒక మాట చెబుతాను, గుర్తుపెట్టుకోండి. అసలు బాధ బల్ల దగ్గర చెప్పరు, గుమ్మం దగ్గర చెబుతారు. ఇదికూడా అడగాలా వద్దా అని మొహమాటపడి, పోతూ పోతూ అంటారు.

“అక్కా, ఈ కుడి భుజం గూడా నొస్తాంది పొద్దున్నించి. పండుకుంటే ఎక్కువైతాది, లేచి కూర్చుంటే తగ్గుతాది.”

నా చేతిలో సిరంజి, ముందు గుక్కపట్టి ఏడుస్తున్న పసివాడు. తలెత్తకుండానే అన్నాను: “ఇటుకలు మోసేదానికి భుజం నొయ్యక ఇంకేం నొస్తాది తల్లీ? కిటికీ కాడ మందు తీసుకొని రుద్దుకో పో.”

“అవునక్కా,” అని తనూ నవ్వింది. నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళయినా ఆ ‘అవునక్కా’ తలుచుకుంటే నాకు అన్నం సయించదు.

మధ్యాహ్నం మా ఆయా, నేను వెనక గదిలో భోజనానికి కూర్చున్నాం. ఆమె గురించి రెండు ముక్కలు చెప్పాలి. మా కేంద్రంలో చేరకముందు పన్నెండేళ్ళు కట్టడాల పనిలో ఉంది. నేను రాసే కాగితం చదవలేదు, నేను చూసే మనిషిని మాత్రం నాకంటే ముందే చదివేస్తుంది. సంగటి ముద్ద విరుస్తూ, పొద్దున చాలా బిజీనా అని అడిగింది. ఊసుపోక నేను ఆ అమ్మాయి సంగతి చెప్పాను. భుజం నొప్పి అన్నదానికి నేనిచ్చిన జవాబు కూడా జోకులా చెప్పాను.

ఆయా నవ్వలేదు. ముద్ద చేతిలోనే ఉంది.

“సిస్టరక్కా, ఆడోళ్ళు భుజాన యాడ మోస్తారు?”

“అంటే?”

“సిమెంటు మూట భుజాన ఏసుకునేది మగోళ్ళు. మేము తట్ట నెత్తిన పెట్టుకుంటాము. నొస్తే మెడ నొస్తాది, నడుము నొస్తాది. పన్నెండేండ్లు మోసినా, ఒక దినమన్నా నాకు భుజం నొయ్యలేదు. అదీగాక, మోసిన నొప్పి పండుకుంటే తగ్గల్ల గదా. ఎక్కువైతాదంటే అదేం నొప్పక్కా?”

నా నోట్లో చిత్రాన్నం అలాగే ఉండిపోయింది. అదేం నొప్పో నాకు తెలుసు. నర్సింగ్ రెండో సంవత్సరంలో చదివాను, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. గర్భసంచిలోకి రావాల్సిన పిండం దారిలో గొట్టంలోనే ఆగిపోతే, పెరిగే కొద్దీ ఆ గొట్టం చిట్లుతుంది. రక్తం బయటికి చుక్కలుగా, లోపలికి ధారగా పోతుంది. లోపల పోగైన రక్తం పైకి, ఊపిరితిత్తుల కింది పొర దాకా పోయి తగిలితే నొప్పి భుజంలో తెలుస్తుంది. పడుకుంటే ఇంకా ఎక్కువవుతుంది. ఏడో వారం, మరక, భుజం నొప్పి, వేగంగా కొట్టుకున్న నాడి. నాలుగూ నా ముందు పెట్టి వెళ్ళింది. నేను రుద్దుకునే మందిచ్చి పంపాను.

చెయ్యి కడుక్కోకుండానే డాక్టరమ్మకు ఫోన్ చేశాను. నెల్లూరు పిల్ల, చిన్నదే గానీ చురుకు.

“సిస్టర్, ఎక్టోపిక్ లాగే ఉంది. పేషెంట్‌ని పడుకోబెట్టండి, ఐవీ స్టార్ట్ చెయ్యండి. ఎక్కడుంది?”

“ఇంటికి పంపించేశాను మేడమ్.”

“అడ్రస్ ఉందా?” అంది.

“రాసుకోలేదు మేడమ్.”

తిట్టి ఉంటే బాగుండేది. “వెతకండి సిస్టర్, వెంటనే” అని పెట్టేసింది.

సిరంజిలు, సెలైను సీసా సంచిలో పడేసుకుని, ఆయాను వెంటబెట్టుకుని ఆటో ఎక్కాను. ఆ చుట్టుపక్కల ఎన్ని కట్టడాలు లేస్తున్నాయో, ఎన్ని షెడ్లున్నాయో ఆ దేవుడికే తెలియాలి. మొదటి సైటులో అందరూ కలబురగి వాళ్ళు. రెండోదాని గేటు దగ్గర వాచ్‌మన్ పర్మిషన్ కావాలన్నాడు. ఆయా కన్నడంలో అతని ఏడు తరాలనూ పలకరించి, “కదిరోళ్ళు ఉండారా లేదా, అది చెప్పు ముందు!” అని తెలుగులో ముగించింది. మూలనున్న షెడ్ల వైపు చెయ్యి చూపించాడు.

అక్కడ ఆడవాళ్ళు క్యారియర్లు విప్పుకుని నీడలో కూర్చున్నారు. నాకు అప్పుడొక చిక్కు వచ్చిపడింది. ఎందుకు వెతుకుతున్నావంటే ఏం చెప్పను? చెప్పనని పొద్దున మాటిచ్చాను. “పొద్దున ఆస్పత్రికొచ్చిన పిల్ల మాత్రలు మర్చిపోయింది, ఇచ్చిపోదామని వచ్చినా” అన్నాను.

“మాత్రలిచ్చేదానికి సిస్టరమ్మే వచ్చిందే!” అని ఒకావిడ ఆశ్చర్యపోయింది. “అమ్మి అన్నం యాలకు ముందే పని ఇడిసిపెట్టి పోయింది. కడుపు బాగల్యా, బయటికి పోవల్ల అనింది.”

షెడ్ల వెనక, రేకుల మరుగుదొడ్డి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కింద పడకుండా రెండు చేతులూ నేల మీద ఆనించింది. పెదాలు పాలిపోయాయి. నుదుటి నిండా చెమట, చెయ్యి పట్టుకుంటే మంచులా ఉంది. నాడి నా వేళ్ళకు అందీ అందనట్టు పరుగులు పెడుతోంది. పొట్ట ముట్టుకోనివ్వలేదు. నన్ను గుర్తుపట్టింది.

“వచ్చినావా అక్కా,” అంది. “ఆమెకి చెప్పద్దు.” ఆయా వైపు చూపించింది. ప్రాణం మీదికొచ్చినా దాని భయం అదే.

సూది గుచ్చి సెలైను పెట్టాను. రెండో పోటుకు గాని నరం దొరకలేదు. అంబులెన్స్‌కు ఫోన్ చేస్తే రింగురోడ్డు ట్రాఫిక్‌లో ఉన్నామన్నారు. సైటు ఇంజనీరు పరుగెత్తుకొచ్చాడు, తెలుగు కుర్రాడే.

“మేడమ్, అంబులెన్స్ కోసం వెయిట్ చెయ్యొద్దు. నా కార్ ఉంది, ఎక్కించండి.”

“రక్తం అంటుకుంటుంది నాయనా సీటుకు.”

“సీటు సంగతి తర్వాత మేడమ్, ముందు ఎక్కించండి!”

వెనక సీట్లో నా ఒళ్ళో తల, ఆయా ఒళ్ళో కాళ్ళు. ఆయా సీసా పైకెత్తి పట్టుకుని, ఇంకో చేత్తో ఆ సిమెంటు పాదాలు రుద్దుతూ కూర్చుంది. పెద్దాసుపత్రి డ్యూటీ డాక్టరుకు దారిలోనే ఫోన్ చేశాను. స్కాన్ ఉందా అన్నాడు. “స్కాన్ లేదప్పా, నా చేతికింద నాడి ఉండాది, అది పోకముందే థియేటర్ తెరిపించు!” అని అరిచాను. డాక్టర్లను అప్పా అని అరిచింది అదే మొదలు, అదే ఆఖరు. ఆ పిల్ల మధ్యమధ్య కళ్ళు మూస్తోంది. నేను బుగ్గ తట్టి లేపుతున్నాను. నా నోటి చివరిదాకా ‘ఏంకాదు’ వచ్చింది. ఆ రోజు ఆ మాట నోరు దాటలేదు.

లోపలికి తీసుకెళ్ళిన ఐదు నిమిషాల్లో గొట్టం చిట్లిందని తేలిపోయింది. ఆపరేషన్ కాగితం మీద వేలిముద్ర తనే వేసింది. తలుపు మూసుకునే ముందు నా వైపు తిరిగి, “మా ఆయప్పకి చెప్పద్దక్కా” అంది. సరేనని తల ఊపాను.

కాసేపటికి భర్త వచ్చాడు. కమ్మీ కట్టే పని చేస్తాడట, చేతులు తుప్పు రంగులో ఉన్నాయి. “ఏమైందక్కా?” అన్నాడు. “కడుపులో రక్తం పోయింది. ఆపరేషన్ చేస్తాండారు, బతుకుతాది. మిగతాది ఆమె చెబుతాది, ఆమె నోటితోనే విను” అన్నాను. ఇంకొకడైతే నా కొంగు పట్టుకుని అడిగేవాడు. ఇతను ఏమీ అడగలేదు. తల దించుకుని, బెంచీ చివర కూర్చుండిపోయాడు. ఇదేం మనిషి, పెళ్ళాం లోపల చావుబతుకుల్లో ఉంటే ఒక్క ప్రశ్న అడగడు అని లోపల్లోపల తిట్టుకున్నాను కూడా. మనుషుల్ని గురించి నాకెంత తెలుసో చూడండి.

బతికింది. చిట్లిన గొట్టం తీసేశారు, ఇంకోటి బాగుందన్నారు. రక్తం ఎక్కించారు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఎంతసేపటికీ నేను మాట్లాడకపోయేసరికి, ఆయా నా మోకాలి మీద తట్టింది. “నేనే చదువుకొనుంటే, నిన్ను ఆయాగా పెట్టుకొనుంటి సిస్టరక్కా” అంది. నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే ఏడుపూ వచ్చింది. ఆటో డ్రైవరు అద్దంలో చూస్తున్నా ఆగలేదు. మర్నాడు డాక్టరమ్మ ముందు జరిగిందంతా కాగితం మీద రాసిచ్చాను, రిజిస్టరు సంగతితో సహా. మెమో వచ్చింది. రావాల్సిందే.

ఆ మధ్యాహ్నం పెద్దాసుపత్రికి వెళ్ళాను. ఆడవాళ్ళ వార్డులోకి నాలుగైతే గాని మగవాళ్ళను రానివ్వరు. భర్త బయట మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆమె మేలుకునే ఉంది. స్టూలు లాక్కుని కూర్చున్నాను.

“పోయింది గదక్కా?”

“పోయింది తల్లీ.”

పైన ఫ్యాను వైపు చూసింది. “నీకొక్కదానికే చెప్పినా. చెప్పిన దినమే పోయింది. నోరు మూసుకోనుంటే నిలిచుండునా?”

దేవుడి మీదికి తోసెయ్యొచ్చు. చిన్నదానివి, మళ్ళీ అవుతుందిలే అని లేచి రావొచ్చు. అవన్నీ నాకు నోటికి వచ్చినవే.

“విను తల్లీ. అది పడాల్సిన చోట పడలేదు. దారిలోనే ఆగిపోయింది, అక్కడ ఏ బిడ్డా పెరిగేదానికి కాదు. నువ్వు ఊరంతా చాటినా అంతే, ఎవురికీ చెప్పకున్నా అంతే. నీ నోటి వల్ల ఏమీ కాలేదు. నువ్వు నాకు చెప్పినావు కాబట్టే ఇట్ల పడుకొని మాట్లాడతాండావు. ఇంకోటి. గుమ్మం కాడ భుజం నొప్పన్నావు. నేను నవ్వినా. అప్పుడే నిన్ను ఆపుంటే నీకింత అయ్యేది కాదు. తప్పు నాది, నీది కాదు.”

తిడుతుందని ఎదురుచూశాను. తిడితే పడదామనే వచ్చాను. ఆమె నేనన్న భుజం నొప్పి మాట పట్టించుకున్నట్టే లేదు. నా ముఖంలోకే చూస్తూ, ఎంతో మెల్లగా అడిగింది.

“పోయినేడుది?”

“ఏంది తల్లీ?”

“పోయినేడు పోయింది గదక్కా. అది గూడా... చెప్పినందుకు కాదా?”

“కాదు తల్లీ. కానే కాదు. చెప్పడం వల్ల ఏ కడుపూ పోదు.”

అప్పుడు ఏడ్చింది. కుట్లు లాగుతాయని నేను పొట్ట మీద దిండు అదిమి పట్టుకున్నాను. ఏడుస్తూనే అంది: “అప్పుడు అందరికీ చెప్పింది ఆయప్పే అక్కా. సంతోషం పట్టల్యాక మేస్త్రీకాడ్నించి టీ అంగడి దాకా చెప్పొచ్చినాడు. పోయినాక మా అత్త ఆయప్పను అనరాని మాటలన్నాది. ఏడాదిగా ఆయప్ప నా మొగం జూసి నిండుగా మాట్లాడల్యా. ఆయప్పను పిలువక్కా. ఇప్పుడే పిలువు.”

నాలుగు కావడానికి ఇంకా గంట ఉంది. వార్డు కాపలావాడు కుదరదన్నాడు. నా నోరు దేవుడు దేనికిచ్చాడో ఆ రోజు తెలిసింది. ఆమె భర్తను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాను.

మంచం కాళ్ళవైపు నిలబడ్డాడు, దగ్గరికి రావడానికి జంకుతూ. నిన్న ఏం పోయిందో, తనకెందుకు చెప్పలేదో, ఆపరేషన్ ఏమిటో చెబుతుందనుకున్నాను. అవన్నీ తర్వాత చెప్పింది.

“పోయినేడుది నీ వల్ల కాదంట,” అంది ముందుగా.

అతను నా వైపు చూశాడు. నేను తల ఊపాను. రెండు చేతులతో మంచం కమ్మీ పట్టుకుని, అలాగే కింద కూలబడిపోయాడు.